పరుగు కోసం కాళ్లు దాచుకోవడం: నా రెండు ట్రయాథ్లాన్‌ల అనుభవం

మొదటి రేసులో పరుగు మూడో కిలోమీటరు దాటగానే నా తొడలు పట్టేశాయి. ఆగి, రోడ్డు పక్కన కంచె పట్టుకుని, కాలు వెనక్కి మడిచి నిలబడ్డాను. ఒక కాలు వదులైతే రెండోది పట్టేసేది. నీలం టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన చిన్న చిన్న అడుగులతో, ఏ కంగారూ లేకుండా నా పక్క నుంచి వెళ్లిపోయారు. గంట క్రితం సైకిల్ మీద నేను ఆయన్ని దాటి వచ్చాను. ఆయనకి అరవై దాటి ఉంటాయి. దాటేటప్పుడు ఎంత సంతోషపడ్డానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

అది ఒలింపిక్ దూరం రేసు. 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్ మొదటిసారి చేరింది. అక్కడ వ్యక్తిగత పోటీ ఈ దూరంలోనే జరుగుతుంది. నాకు ఈత 41 నిమిషాలు, సైకిల్ 78, పరుగు 74 పట్టాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారడంలో 10 నిమిషాలు పోయాయి. మొత్తం 3 గంటల 23 నిమిషాలు. విడిగా అయితే 10 కిలోమీటర్లు 54 నిమిషాల్లో పరిగెత్తగలను. ఆ 20 నిమిషాలు ఎక్కడ పోయాయో నాకు అర్థం కాలేదు.

కోచ్ గారికి నా వాచీలో నమోదైన లెక్కలు చూపించాను. ఆయన పరుగు జోలికే వెళ్లలేదు.

"సైకిల్ మొదటి 10 కిలోమీటర్లు గుండె వేగం ఎంత?" అన్నారు.

"168 అండి."

"మీరు 10 కిలోమీటర్ల పరుగు పందెంలో ఉండే వేగం అది. మీ పరుగు సైకిల్ మీదే అయిపోయింది."

ఆ మాట పట్టుకుని తర్వాతి పది నెలలు శిక్షణ మార్చుకున్నాను. అంతవరకు నేను మూడు ఆటలు విడివిడిగా ప్రాక్టీస్ చేసి, రేసు రోజున పక్కపక్కన పెట్టాను. మొదటిసారి ట్రయాథ్లాన్‌కి సిద్ధమయ్యేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. అందుకే ఆ పది నెలల్లో ఏం చేశానో వివరంగా రాస్తున్నాను.

ఈత నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నాకు అసలు భయం వేసింది అక్కడే. స్విమ్మింగ్ పూల్‌లో 1,500 మీటర్లు ఆగకుండా ఈదగలగడం చూసుకుని ధైర్యంగా వెళ్లాను. రేసులో వంద మీటర్లు దాటక ముందే ఊపిరి అందలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి, అడుగు కనబడటం లేదు, ఒకరి కాలు నా కళ్లద్దాలకి తగిలింది. తల పైకెత్తి గాలి పీల్చాను, ఇంకా పీల్చాను, అయినా చాలలేదు. గుండె దడ చెవుల్లో వినబడుతోంది. ఈదడం మానేసి వెల్లకిలా తిరిగాను. కయాక్‌లో (చిన్న తెడ్డు పడవలో) ఉన్న వాలంటీర్ దగ్గరికి వచ్చి, "పట్టుకోండి, పర్లేదు, ఇది తప్పేం కాదు" అంది. నిబంధనల ప్రకారం కయాక్ పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, దాని సాయంతో ముందుకు మాత్రం కదలకూడదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రెండు నిమిషాలు పట్టుకుని ఉన్నాను.

కారణం తర్వాత అర్థమైంది. చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగిలితే శరీరం తనంతట తనే గబగబా గాలి లాగుతుంది. ఆ సమయంలో తల నీళ్లలో ఉంటే మనం ఊపిరి బిగబడతాం. లోపలి గాలి బయటికి పోకుండానే కొత్త గాలి లాగాలని చూస్తాం. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి, ఊపిరాడనట్టు అనిపిస్తుంది. గాలి పీల్చడం రాక కాదు, వదలక వచ్చిన ఇబ్బంది. పూల్‌లో కూడా నేను తల నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పినప్పుడే వదలడం, పీల్చడం రెండూ చేస్తున్నాను. ప్రతి 25 మీటర్లకి గోడ పట్టుకుంటాం కాబట్టి అక్కడ ఆ తప్పు బయటపడలేదు.

రెండు వారాలు వేరే ఏమీ చేయకుండా అదొక్కటే సరిచేసుకున్నాను. గోడ పట్టుకుని నిలబడి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కు నుంచి సన్నగా బుడగలు వదలడం. నోటితో గుక్క తీసుకోవడం, మళ్లీ ముఖం నీళ్లలో పెట్టడం. ఇలా యాభై సార్లు. తర్వాత అదే పద్ధతిలో నెమ్మదిగా 50 మీటర్లు. ముఖం నీటిని తాకగానే గాలి బయటికి వెళ్తుండాలి, తల తిప్పేసరికి ఊపిరితిత్తుల్లో చోటు సిద్ధంగా ఉండాలి. ఇది కుదిరాక నా ఈతలో వచ్చిన తేడా మిగతా ఏ సాధనతోనూ రాలేదు.

ఒక సంగతి మాత్రం అందరూ గంభీరంగా తీసుకోవాలని కోరుకుంటున్నాను. ట్రయాథ్లాన్‌లలో జరిగే మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే జరుగుతాయి, వాటిలో చాలావాటికి మూలం గుండె సమస్య. శిక్షణ మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉన్నా, వ్యాయామంలో ఎప్పుడైనా ఛాతీ బిగుసుకున్నా, కళ్లు తిరిగినా ఆ సంగతి దాచకుండా చెప్పండి. బయటి నీళ్లలో ఒంటరిగా ఈదకండి, నడుముకి కట్టుకునే రంగుల బోయ్ (నీటి మీద తేలే బుడగ) లేకుండా దిగకండి. నేను ఎప్పుడూ కనీసం ఇద్దరు తోడు ఉంటేనే దిగాను.

వేగం సంగతికొస్తే, ఒక చిన్న పరీక్ష బాగా ఉపయోగపడింది. ఒకే రోజున 400 మీటర్లు పూర్తి వేగంతో, బాగా విశ్రాంతి తీసుకున్నాక 200 మీటర్లు పూర్తి వేగంతో ఈదాలి. నాకు మొదట 400కి 9 నిమిషాల 12 సెకన్లు, 200కి 4 నిమిషాల 32 సెకన్లు వచ్చాయి. తేడా 4 నిమిషాల 40 సెకన్లు, దాన్ని సగం చేస్తే 100 మీటర్లకి 2 నిమిషాల 20 సెకన్లు. ఎక్కువసేపు నిలుపుకోగల వేగం దాదాపు అది. వారంలో ఒక రోజు ఆ వేగంతో 100 మీటర్లు పది సార్లు, మధ్యలో 15 సెకన్ల విశ్రాంతితో ఈదేవారం. పదోది కూడా మొదటిదాని సమయానికే రావాలి. మొదటి మూడూ రెచ్చిపోయి ఈదితే ఏడోది దగ్గర చతికిలబడతాం. రేసులో పనికొచ్చే నిగ్రహం నాకు నిజంగా అలవడింది ఈ సాధనలోనే. వారానికి ఒక్కరోజు గంటన్నర ఈదడం కంటే మూడు రోజులు నలభై నిమిషాల చొప్పున ఈదడం మేలు. నీటి మీద పట్టు త్వరగా పోతుంది, తరచూ దిగితేనే నిలుస్తుంది.

బయటి నీళ్లలో అడుగున గీత ఉండదు కాబట్టి దారి చూసుకోవడం విడిగా నేర్చుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది చేతి వేట్లకి ఒకసారి, కళ్లు మాత్రమే నీటి పైకి వచ్చేలా ఎత్తి చూసి, వెంటనే తల పక్కకి తిప్పి ఊపిరి తీసుకోవాలి. తల మొత్తం ఎత్తితే నడుము కిందికి దిగి, కాళ్లు మునిగి, వేగం చస్తుంది. రేసు దారిని చూపే బోయ్ వెనకాల ఉన్న పెద్ద చెట్టునో, భవనాన్నో ముందే గుర్తుపెట్టుకుంటే ఇంకా సులువు. ఇంకొక చిన్న చిట్కా: కళ్లద్దాల పట్టీ టోపీ కింద ఉండేలా పెట్టుకుంటే ఎవరి చెయ్యి తగిలినా అద్దాలు ఊడిపోవు.

సైకిల్ దగ్గర మాత్రం నేర్చుకోవాల్సింది వేగం తగ్గించుకోవడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది, చేయడానికి చాలా కష్టం. ఈత అయిపోయిన ఆనందం, ఒంట్లో ఉరకలేసే ఉత్సాహం, పక్క నుంచి దూసుకెళ్లే వాళ్లు. ఆరంభ శూరత్వానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

ఒక లెక్క నన్ను మార్చింది. చదునైన రోడ్డు మీద మనం ఎక్కువగా పోరాడేది గాలితో. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే వేగం 5 శాతం పెంచాలంటే ఆ శక్తి దాదాపు 16 శాతం పెంచాలి. మొదటి రేసులో నా సగటు గంటకి 31 కిలోమీటర్లకి కొంచెం తక్కువ. రెండో రేసులో 29 కంటే కొంచెం ఎక్కువ. ఈ తేడాతో నాకు పోయింది 4 నిమిషాలు. ఆ 4 నిమిషాలు మిగుల్చుకోవడానికి మొదటిసారి కాళ్లు ఎంత ఖర్చు పెట్టాయో పరుగులో చూశాను.

పవర్ మీటర్ (తొక్కే శక్తిని కొలిచే పరికరం) ఉంటే మంచిదే, లేకపోయినా పని జరుగుతుంది. నేను గుండె వేగం, మాట, రెండింటినీ చూసుకోవడం ఒక పద్ధతిగా పెట్టుకున్నాను. తొక్కుతూ ఒక చిన్న వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే సరే, ఒక్కో పదమే వస్తుంటే తగ్గాలి. మొదటి పావుగంట కావాలని నెమ్మదిగా. ఎత్తుల దగ్గర తేలిక గేరులోకి మారి, తొక్కే లయ నిమిషానికి 85, 90 దగ్గర ఉంచడం. బరువైన గేరుని బలంగా తొక్కితే తొడ కండరాలు అలసిపోతాయి, పరుగుకి కావలసింది ఆ కండరాలే.

సీటు ఎత్తు గురించి కూడా చెప్పాలి. నాకు మోకాలి ముందు భాగంలో నొప్పి రెండు నెలలు ఉంది. ఏవేవో వ్యాయామాలు చేశాను, తగ్గలేదు. చివరికి చూస్తే సీటు కిందికి ఉంది. మడమని పెడల్ మీద పెట్టి, పెడల్ అట్టడుగుకి వచ్చినప్పుడు కాలు నిటారుగా చాచుకునేంత ఎత్తులో సీటు ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం మడిచి ఉంటుంది. రెండు సెంటీమీటర్లు పైకి జరిపాక పది రోజుల్లో నొప్పి పోయింది. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు కిందికి ఉందేమో, వెనక నొప్పి వస్తే మరీ పైకి ఉందేమో ముందు చూసుకోండి.

తిండీ నీళ్లూ సర్దుకోవలసింది సైకిల్ మీదే, ఎందుకంటే పరుగులో పొట్ట దేన్నీ సరిగా ఒప్పుకోదు. మొదటి రేసులో రెండు జెల్‌లు (చిక్కటి చక్కెర గుజ్జు ప్యాకెట్లు) ఒకేసారి తిని, పైన చక్కెర కలిపిన డ్రింక్ తాగాను. అరగంటలో పొట్ట పట్టేసింది. అంత చక్కెర ఒకేసారి వెళ్తే పేగులు దాన్ని పీల్చుకోలేవు, పైగా నీటిని లోపలికి లాగుతాయి. జెల్ తింటే మామూలు నీళ్లే తాగాలి. ఇప్పుడు గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లెక్క పెట్టుకుని, ఇరవై నిమిషాలకొకసారి కొంచెం కొంచెంగా తీసుకుంటున్నాను. ఆ అలవాటు కూడా శిక్షణలోనే చేసుకోవాలి. రేసు రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టకూడదు.

నీళ్లు ఎంత తాగాలో తెలుసుకోవడానికి, ఎండలో ఒక గంట తొక్కే ముందు, తర్వాత బరువు చూసుకున్నాను. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపాలి. నాకు గంటకి 900 మిల్లీలీటర్లు పోతోంది. పోయినదంతా తిరిగి నింపనక్కర్లేదు. రేసు అయ్యేసరికి బరువు పెరిగేంతగా తాగితే మాత్రం రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. వేడి విషయంలో ఎంత గొప్ప అథ్లెట్‌కైనా మినహాయింపు లేదు. 2016లో మెక్సికోలోని కోజుమెల్‌లో బ్రిటన్ ట్రయాథ్లాన్ అథ్లెట్ జానీ బ్రౌన్లీ గెలుపు ముంగిట, ఇంకా కొన్ని వందల మీటర్లే ఉండగా వేడికి తూలిపోయాడు. వెనక వస్తున్న అన్న అలిస్టర్ తన గెలుపు అవకాశం వదులుకుని, తమ్ముణ్ణి భుజాన ఆనించుకుని గీత దాటించాడు. జానీకి రెండో స్థానం దక్కింది. వేడిగా ఉన్న రోజున అనుకున్న వేగం పక్కన పెట్టేయాలని ఆ దృశ్యం చూశాకే నాకు మనసుకెక్కింది.

ఇక మారే చోటు. దీన్ని రేసుకి ముందు రోజు దాకా ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. మొదటిసారి తడి కాళ్లకి సాక్స్ ఎక్కక నిమిషం పోయింది, నా సైకిల్ ఏ వరుసలో ఉందో వెతకడంలో ఇంకో నిమిషం. రెండోసారి ముందు పన్నెండు సార్లు ఇంటి వెనక ఇసుకలో ప్రాక్టీస్ చేశాను. తువ్వాలు పరిచి, దాని మీద షూస్ మూతి తెరిచి, లోపల పౌడర్ చల్లి, హెల్మెట్‌ని హ్యాండిల్ మీద తలకిందులుగా, పట్టీలు రెండు పక్కలకీ వేలాడేలా పెట్టేవాణ్ణి. బకెట్ నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, పరిగెత్తుకొచ్చి మొదలుపెట్టాలి. ముందు హెల్మెట్, క్లిప్ టక్కుమనాలి, అప్పుడే సైకిల్ మీద చెయ్యి వేయాలి. ఇది నిబంధన కూడా: క్లిప్ పెట్టకుండా సైకిల్ కదిపితే శిక్ష పడుతుంది. తిరిగొచ్చాక సైకిల్‌ని స్టాండ్‌లో పెట్టేదాకా క్లిప్ తీయకూడదు. షూస్‌కి సాగే లేసులు వేశాను, వంగి ముడి వేసే పని తప్పింది. ఐదోసారి దాకా చేతులు వణికాయి, ఆ తర్వాత ఆలోచించకుండానే జరిగిపోయింది.

సైకిల్ దిగగానే పరిగెత్తే సాధనని బ్రిక్ అంటారు. శనివారం పొద్దున సైకిల్ తొక్కాక, దిగిన మూడు నిమిషాల్లోపు పదిహేను నిమిషాల పరుగు. పొడుగ్గా అక్కర్లేదు. కాళ్లు చెక్కల్లా, ఎవరివో కాళ్లలా అనిపిస్తాయి. విచిత్రం ఏమిటంటే, నెమ్మదిగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది కానీ వాచీలో వేగం ఎక్కువే ఉంటుంది. గంటన్నర సైకిల్ వేగానికి అలవాటు పడ్డ కంటికి పరుగు వేగం తక్కువగా తోస్తుంది, కాళ్లు పెడల్ లయలోనే గబగబా పడతాయి. అందుకని మొదటి కిలోమీటరు అనుకున్న వేగానికి 20 సెకన్లు నెమ్మదిగా వెళ్లాలని నియమం పెట్టుకున్నాను. ఆరేడు వారాలకి చెక్కతనం పది నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకి తగ్గింది.

వారానికి మొత్తం ఏడెనిమిది గంటలు చేశాను, అందులో ఎక్కువ భాగం తేలిగ్గా మాట్లాడుకుంటూ చేసేదే. కష్టమైనవి వారానికి రెండు మూడు. నాలుగో వారం ఎప్పుడూ తేలిక. ఒకసారి ఆ తేలిక వారాన్ని ఎగ్గొట్టి పరుగు ఒక్కసారిగా పెంచాను. పిక్క కింద, మడమ పైన నరం పట్టేసినట్టయి, పొద్దున మంచం దిగితే అడుగు పడేది కాదు. మూడు వారాలు పరుగు లేదు. ఆ మూడు వారాలు ఈత, సైకిల్ కొనసాగించాను కాబట్టి పూర్తిగా వెనకబడలేదు. రేసుకి పది రోజుల ముందు నుంచి సమయం సగానికి తగ్గించి, వేగంగా చేసే చిన్న ముక్కలు మాత్రం ఉంచుకున్నాను. ఆ వారంలో కాళ్లు బరువుగా అనిపించి, ఫిట్‌నెస్ పోయిందేమో అని టెన్షన్ పడతాం. అది మామూలే.

రెండో రేసు రోజున ముందుగా వచ్చి నీళ్లలో పది నిమిషాలు గడిపాను. ముఖం ముంచి, బుడగలు వదిలి, ఒంటికి చల్లదనం అలవాటయ్యేదాకా. గుంపు మధ్యలో కాకుండా ఒక పక్కకి, వెనక వరుసలో నిలబడ్డాను. మొదటి 200 మీటర్లు లెక్క పెట్టుకుంటూ ఈదాను. ఒకసారి ఊపిరి బిగుసుకున్నట్టయింది. కంగారు పడకుండా పది వేట్లు నెమ్మదించి, గాలి మొత్తం వదిలాను, సర్దుకుంది. తర్వాత నాకంటే కొంచెం వేగంగా వెళ్లేవాళ్ల పాదాల వెనక చేరాను. ఈతలో అలా వెనక ఉండటానికి అనుమతి ఉంది, శ్రమ బాగా తగ్గుతుంది. సైకిల్‌లో మాత్రం నాలాంటివాళ్ల రేసులో ముందు సైకిల్‌కి 10 మీటర్ల దూరం ఉండాలి.

సైకిల్ మీద మొదటి 10 కిలోమీటర్లలో నన్ను చాలామంది దాటారు. గుండె వేగం 150 దాటనివ్వలేదు. అది నాకు ఆ రోజు అన్నిటికంటే కష్టమైన పని. పరుగులో మొదటి కిలోమీటరు 6 నిమిషాల 15 సెకన్లు, కావాలనే. నాలుగో కిలోమీటరు నుంచి ఒక్కొక్కరే దగ్గరయ్యారు. సైకిల్ మీద నన్ను దాటిన ఎర్ర బనియన్ కుర్రాడు ఆరో కిలోమీటరు దగ్గర కంచె పట్టుకుని కాలు వెనక్కి మడుచుకుంటున్నాడు. "చిన్న అడుగులు వెయ్యి తమ్ముడూ, వదులవుతుంది" అన్నాను. తలూపాడు.

ఈత 36 నిమిషాలు, సైకిల్ 82, పరుగు 59, మారడానికి 4. మొత్తం 3 గంటల 1 నిమిషం. వాచీ ప్రకారం నేను ఈదింది 1,640 మీటర్లు. నీళ్లలో వాచీ లెక్క అటూ ఇటూ ఉంటుంది, అయినా రెండో బోయ్ తర్వాత ఎండ ఎదురై, దారి తప్పి కుడికి వెళ్లిపోయిన మాట నాకు తెలుసు. దాదాపు మూడు నిమిషాలు అక్కడే పోయాయి. కళ్లద్దాలు ముదురు రంగువి తీసుకున్నాను. ఆదివారాలు ఎండ ఎదురుగా ఉండే వైపు బోయ్ పెట్టుకుని, ఎనిమిది వేట్లకి బదులు ఆరు వేట్లకొకసారి చూడటం మొదలుపెట్టాం.